రెండో సీసా

ఫిబ్రవరి 3

బావ పోయి రెండేళ్లయింది. ఆయన మీద తీర్పు చెప్పే అవకాశం ఇవాళ నా చేతికొచ్చింది. తెచ్చి ఇచ్చింది ఆయన కూతురే.

మేనకోడలు విద్యుత్ సంస్థలో ఇంజనీరు. మూడేళ్లుగా ఒక న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షలు చూసి, లోపల జబ్బుందో లేదో అదే చెప్పేస్తుందట. కమిటీ ముందు పెట్టాలంటే సంస్థకి బయట ఉన్న ఇంజనీరు ఎవరైనా పరీక్షించి రిపోర్ట్ రాయాలి. రిటైరైనవాళ్లలో ఈ లెక్కలు తెలిసింది నీకొక్కడికే మావయ్యా అంది. ముఖస్తుతే గానీ నిజం. మిగతావాళ్లు రిటైరయ్యాక మోకాళ్ల గురించి తప్ప ఇంకేమీ చదవలేదు.

కమిటీ మార్చి 20న. వాళ్లు వద్దంటే ఆ నెట్‌వర్క్ మూలన పడుతుంది, ఈమెని బిల్లుల సెక్షన్‌లో పడేస్తారు. ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ కళ్లజోడు పైకి తోసుకుంది, అచ్చం తండ్రిలాగే.

సరే అన్నాను.

ఫిబ్రవరి 4

ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఎక్కడైనా కాలడం మొదలైతే ఆ వేడికి నూనెలో గ్యాసులు పుడతాయి, అందులోనే కరిగి ఉంటాయి. ఒక సీసా నూనె తీసి ల్యాబ్‌కి పంపితే ఏ గ్యాస్ ఎంతుందో చెబుతారు. మనిషికి రక్తపరీక్ష ఎలాగో దీనికి ఇదలాగ. ఆ అంకెలు చూసి ఒక ఇంజనీరు రెండు మాటల్లో ఏదో ఒకటి రాయాలి. ఉంచు, లేదా తీసెయ్.

నెట్‌వర్క్‌కి ఎవరి తీర్పులు చూపించి నేర్పావని అడిగాను. ఇంకెవరివి, నాన్నవే అంది. ఇరవై ఏళ్లకి పైగా ఆ మాట రాసింది ఆయనే మరి. మళ్లీ పుట్టాడన్నమాట, ఈసారి కూతురి లాప్‌టాప్‌లో.

ఫిబ్రవరి 6

ఈ డైరీ ఎవరూ చదవరు. కాబట్టి మర్యాద అక్కర్లేదు.

బావ పిరికివాడు. అంకె కాస్త పెరిగితే చాలు, తీసెయ్ అని రాసేవాడు. తీసేసిన ట్రాన్స్‌ఫార్మర్ పేలదు. పేలలేదు గనక ఆయన గొప్పవాడు. ఈ తర్కంతోనే చీఫ్ కుర్చీ దాకా వెళ్లాడు. నేను చరిత్ర చాలానే చదివాను. జరగని యుద్ధాలకి జయస్తంభాలు నిలబెట్టిన రాజు ఒక్కడూ తగల్లేదు. మా ఆఫీసులో మాత్రం జరగని ప్రమాదాలకి మెడల్ ఇచ్చారు.

నేను ఉంచు అని రాసేవాణ్ణి. నేను ఉంచమన్నవి ఏళ్ల తరబడి నడిచాయి, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒకటి పేలింది. వేసవి సాయంత్రం, సగం ఊరు చీకటి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా నన్ను ట్రైనింగ్ సెంటర్‌కి తోసేశారు, రిటైరయ్యేదాకా అక్కడే. నడిచినవాటి సంగతి ఒక్కడూ అడగలేదు. ఆ ఎంక్వైరీలో బావ కూడా కూర్చున్నాడు. నా తరఫున పెదవి విప్పలేదు. మర్నాడు అక్కని వెంటబెట్టుకుని, పళ్ల సంచీతో మా ఇంటికొచ్చాడు. నేనేదో ఆసుపత్రిలో పడ్డట్టు.

ఇంకోటి. అనుమానం వస్తే ఆయన రెండో సీసా తెప్పించేవాడు. వారం తిరక్కుండా మళ్లీ నూనె, మళ్లీ పరీక్ష. అలా అడిగినప్పుడు కారణం రాయాలి. ఎవరైనా ఏదో ఒక అంకె రాస్తారు. ఈయన రాసేది, మనసు ఒప్పుకోలేదు. ఇంజనీరు రాయాల్సిన మాటేనా అది! ట్రైనింగ్ సెంటర్‌లో ఇది చెప్పి క్లాసుకి క్లాసునే నవ్వించేవాణ్ణి.

నా సర్వీసులో ఒక్కసారి కూడా రెండో సీసా అడగలేదు.

ఫిబ్రవరి 11

రోజూ పాత కేసులు పెట్టి చూస్తున్నాను. గ్యాస్ అంకెలు, ట్రాన్స్‌ఫార్మర్ వయసు, నూనె తీసిన తేదీలు ఇస్తే, నూటికి ఇంత ప్రమాదం అని చెబుతుంది. సగం దాటితే తీసెయ్. నేను కళ్లు మూసుకుని ఉంచేవాటిని కూడా తీసెయ్ అంటోంది. అనేముందు గొంతు సవరించుకోవడం ఒక్కటే తక్కువ.

అక్క కాఫీ పట్టుకుని పైకొచ్చింది. కింద వాళ్లిద్దరూ, పైగదిలో నేనూ నా పుస్తకాలూ. ఇల్లు బావ కట్టించిందే. పోయాక కూడా ఆయన కప్పు కిందే బతుకుతున్నాను. స్క్రీన్ వైపు చూసి, ఏమంటున్నారు మీ బావ అని అడిగింది. అన్నీ పీకేయమంటున్నాడు అన్నాను. ఒరేయ్, ఉన్నన్నాళ్లూ ఆయనతో నాలుగు ముక్కలు మాట్లాడిన పాపాన పోలేదు, ఇప్పుడు పొద్దస్తమానం ఆ పెట్టె ముందే కూర్చున్నావు అంది.

ఫిబ్రవరి 12

పిరికితనానికి కూడా సిలబస్ ఉంటుందని ఇవాళ తెలిసింది.

ఫిబ్రవరి 19

ఆసుపత్రికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నూనె రిపోర్ట్ వచ్చింది. కొత్త కేసు, నెట్‌వర్క్ ఎప్పుడూ చూడనిది. నూటికి ముప్ఫై అంది. అంటే ఉంచు. నేనూ అంతకుముందే ఉంచు అని రాసిపెట్టుకున్నాను. నాకూ బావకీ ఇన్నేళ్లకి పొత్తు కుదిరింది.

ఎందుకైనా మంచిది, ఇంకో సీసా తెప్పించమన్నాను. మేనకోడలు నన్ను ఎగాదిగా చూసి, నువ్వేనా మావయ్యా అంది. ఆసుపత్రి కదా అన్నాను.

ఫిబ్రవరి 25

రెండో సీసా రిపోర్ట్ వచ్చింది. గ్యాసులు అంకె పొల్లుపోకుండా అవే. కంప్యూటర్‌కి ఎక్కించాను. నూటికి తొంభై. తీసెయ్.

అదే నూనె, అవే అంకెలు, ఇంత భయమెందుకు?

ఫిబ్రవరి 25, సాయంత్రం

పట్టేశాను.

నిన్నగాక మొన్న బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ అంకెలు తీసుకున్నాను. దాని నూనె మంచినీళ్లంత శుభ్రం. అవే అంకెలు రెండుసార్లు ఎక్కించి, తేదీల మధ్య ఆరు నెలలు ఎడం పెట్టాను. నెట్‌వర్క్ నిమ్మకు నీరెత్తినట్టుంది. ఎడం నాలుగు రోజులకి తగ్గించాను. హడలిపోయింది.

దానికి కావలసింది తేదీలు. బావ రెండో సీసా ఎప్పుడు అడిగేవాడు? అప్పటికే అనుమానం వచ్చినప్పుడు. అడిగినవాటిని తర్వాత దాదాపు అన్నీ తీసేశాడు. వెంట వెంటనే రెండు సీసాలు కనిపిస్తే లోపల చెడిందని అర్థం. నెట్‌వర్క్ నేర్చుకున్న పాఠం ఇదీ. అది గ్యాసులు చదవడం మానేసి మా బావ మొహం చదువుతోంది.

బావ పోయాక సంస్థలో రూలు మారింది. అంకె గీత దాటితే ల్యాబ్‌వాళ్లే రెండో సీసా తీస్తున్నారు, ఎవరి అనుమానంతోనూ పనిలేకుండా. ఈ నెట్‌వర్క్ మాట వింటే సగం ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు పీకి షెడ్డులో పెట్టుకోవాలి.

రిపోర్ట్ మొదటి పేజీ ఒక్క ఊపున రాసేశాను. చాన్నాళ్లకి ఆకలి వేసింది. మారు వడ్డించుకున్నాను. కారణం తెలియని అక్క సంబరపడింది.

మార్చి 2

మేనకోడలికి చూపించాను. తేదీలు మార్చి మార్చి తనే నొక్కి చూసుకుంది. వాదించలేదు. కమిటీలో ఇది చదివితే నేను బిల్లులకే మావయ్యా అంది. నిజం చదవకుండా ఎలా అన్నాను. చదవొద్దనట్లేదు, కానీ నాన్న అనుమానం నిజమో కాదో చూశావా అని అడిగింది.

చూడ్డానికేముంది, బాగున్నవాటినే పీకేవాడు అన్నాను.

తీసేసిన వాటిని షెడ్డులో విప్పినప్పుడు ఏం కనపడిందో కూడా ఆమె దగ్గర ఉంది. నా ముందే లెక్క కట్టింది. మొదటి సీసా మీదే తీసేసినవాటిలో చాలావాటికి లోపల ఏమీ లేదు. చూశావా అన్నాను. రెండో సీసా అడిగి తీసేసినవి వేరే కట్టింది. ఒకటీ అరా తప్ప అన్నీ లోపల కాలినవే. రెండు సీసాల అంకెల్లో తేడా లేనివి కూడా.

ఆమె లాప్‌టాప్ నా వైపు తిప్పింది. కళ్లజోడు పైకి తోసుకుంది.

మార్చి 3

నచ్చలేదు.

మార్చి 6

అక్కని అడిగాను, బావ రెండో సీసా తెప్పించిన రోజులేమైనా గుర్తున్నాయా అని. సీసాల గోల నాకేం తెలుసురా, అన్నం తినని రోజులైతే తెలుసు అంది. ఆ రోజుల్లో కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడట. పెళ్లయిన కొత్తలో తన వంట బాగాలేదేమోనని ఏడ్చిందట. తర్వాత తెలిసింది, ఆఫీసు అవగానే స్కూటర్ వేసుకుని ఏదో యార్డుకి పోయి, ట్రాన్స్‌ఫార్మర్‌కి అరచెయ్యి ఆనించి నిలబడి వచ్చేవాడని. ఏం వినపడుతుందండీ అని అడిగితే, ఏమీ వినపడదు, అలాగని ఇంటికి రాబుద్ధీ కాదు అనేవాడట.

నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను.

నవ్వుతావని చెప్పలేదు, నువ్వు క్లాసులో ఆయన మాట చెప్పి నవ్వించేవాడివని ఆయనకి తెలియదనుకున్నావా అంది. కాఫీ గ్లాసు తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

సరే. చేతికి తగిలినదానికి అంకె లేదు, కాబట్టి కారణం దగ్గర ఉన్నమాటే రాశాడు. ఆ పద్దులో ఆయనదే పైచెయ్యి. ఎంక్వైరీలో నోరు విప్పకపోవడం ఇంకో పద్దు. అది అలాగే ఉంది.

మార్చి 9

రిపోర్ట్ మళ్లీ రాశాను. లోపం మొదటి పేజీలోనే ఉంచాను, ఒక్క అక్షరం మెత్తబరచలేదు. రెండో పేజీలో మందు రాశాను. తేదీలు తీసేసి మళ్లీ నేర్పించాలి. రెండో సీసా ల్యాబ్ రూలు మీద వచ్చిందా, మనిషి అడిగాడా అన్నది విడిగా ఇంజనీరుకి చూపించాలి. మనిషి అడిగితే ఎందుకో రాయించాలి, అంకె లేకపోయినా సరే.

మేనకోడలు మళ్లీ నేర్పించడానికి లాప్‌టాప్‌తో గదిలోకి దూరింది.

మార్చి 14

కొత్త నెట్‌వర్క్ బాగుంది. గ్యాసులే చదువుతోంది. ఆసుపత్రి ట్రాన్స్‌ఫార్మర్‌కి నూటికి పాతిక అంది. ఉంచు.

బావని వదిలించుకున్నాక అచ్చం నాలాగే ఆలోచిస్తోంది. సంతోషించాలి.

మార్చి 20

కమిటీ అయింది. ఇప్పటి చీఫ్‌ని నేను సంతకాలాయన అంటాను, చదవకుండా పెట్టగలడు. ఆయన అడిగింది ఒక్కటే, సార్, ఇది పనిచేస్తుందా చెయ్యదా? నూనె వరకు పనిచేస్తుంది, నూనెలో లేనిది దానికి తెలియదు అన్నాను. పొట్టి జవాబు గనక నచ్చింది. ఏడాదిపాటు వాడి చూడమన్నారు. మేనకోడలికి బిల్లుల గండం తప్పింది.

దారిలో, నాన్నని దులిపేస్తావనుకున్నాను మావయ్యా అంది. దులిపాను, మూడో పేజీలో ఆయన ఊరికే పీకేసినవాటి జాబితా ఉంది చూడు అన్నాను. కారు పక్కకి ఆపి మరీ నవ్వింది.

ఆసుపత్రిది ఉంచాలని అందరూ ఒప్పుకున్నారు. నేనూ సంతకం పెట్టాను.

మార్చి 23

ఫిబ్రవరి 19 పేజీ తీసి చదివాను. రెండో సీసా ఎందుకంటే, ఆసుపత్రి కదా అన్నానట. ఆసుపత్రికి సొంత జనరేటర్లున్నాయి. వాటిని పరీక్షించి వచ్చింది ఒకప్పుడు నేనే.

మరి ఎందుకు అడిగినట్టు?

మార్చి 24

మేనకోడలిని తీసుకుని ఆ సబ్‌స్టేషన్‌కి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కంకర మీద నీడ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలాగే మూలుగుతోంది. మధ్యలో ఏదో చిన్న తొట్రుపాటు వినిపించినట్టయింది. అది దానిదో నా చెవి మెషిన్‌దో తెలియలేదు. మెషిన్ తీసి జేబులో వేసుకున్నాను. లోకమంతా నిశ్శబ్దం. కంచె బయట, గేటు పక్కగా నూనె గొట్టం ఒకటి ఉంది, చేతికి అందేది అదే. దానికి అరచెయ్యి ఆనించాను.

ఏమీ లేదు అన్నాను. మేనకోడలు ఏదో అంటోంది, పెదాలు కదలడం కనిపించింది. వెళ్దామా అని కాబోలు. కాసేపు చెయ్యి తియ్యలేదు.

మార్చి 25

మూడో సీసా అడిగాను. కారణం దగ్గర చాలాసేపు ఆగి, చివరికి ఆయన రాసేదే రాశాను.

సాయంత్రం రెండు ముద్దలు కెలికి లేచాను. అక్క నా కంచం చూసింది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసెయ్యండే అంది కూతురితో.