పడవ బొమ్మ పళ్ళెం

నరసాపురం,
అక్టోబరు 14, సోమవారం.

చిరంజీవి ఆశాజ్యోతికి,

మీ అమ్మ ప్రభువు పేరిట దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమంగానే ఉన్నాం. ముంబైలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. నా మోకాళ్ళు మాత్రం క్షేమంగా లేవు, వాటి సంగతి వదిలెయ్. మీ నాన్న మళ్ళీ చర్చి కమిటీ సెక్రటరీ అయ్యారు. ఆ పదవి వచ్చిన వారానికే కొత్త మైకు సెట్టు గురించి జీవరాజు గారితో పేచీ పెట్టుకుని, నిన్న ఆరాధనలో ఇద్దరూ చెరో మూలా కూర్చున్నారు. బీపీ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను. నువ్వు అడిగిన లేసు బల్లగుడ్డ ముప్పావు వంతు అయింది. అంచు అల్లాలి. ఈ మధ్య చేతులు సరిగ్గా ఆడటం లేదు. ఎందుకో ముందు ముందు చదువుతావు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పలేను తల్లీ. ఫోన్లో నేను ఒక మాట అనేలోగా నువ్వు నాలుగు అంటావు. ఇది మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

నీ కవరు బుధవారం వచ్చింది. గణేష్‌బాబు గారు దేశదేశాల నుంచి పోగుచేసిన పాత పింగాణీ, వెండి సామాను ముంబైలో ప్రదర్శనకు పెడుతున్నది మీ కంపెనీయేననీ, ఒక్కో వస్తువు పక్కన పెట్టే లేబుల్ రాసే పని నీకే అప్పజెప్పారనీ చదివి ముందు పొంగిపోయాను. మనూరి పెద్దింటి సామాను, దానికి మన అమ్మాయి రాత. మీ నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆ తర్వాత ఫోటోలు తీశాను. మొదటి ఫోటో చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను.

దాని కింద నువ్వు టైపు చేసింది ఇది. ఒకటో నంబరు. నీలం బొమ్మల పింగాణీ పళ్ళెం, చైనా, సుమారు రెండు వందల ఏళ్ళ నాటిది. యజమాని గారి మామ్మ పాపాయి గారు రోజూ భోజనం చేసిన పళ్ళెం. దొంగల భయంతో ఆవిడ దీన్ని పశువుల పాక చూరులో దాచారు. పాక విప్పుతున్నప్పుడు మనవడికి దొరికి, ఈ సేకరణ మొత్తానికీ నాంది అయింది. ఈ సంగతి నరసాపురం వాస్తవ్యురాలు, రిటైర్డ్ టీచర్ కృపారాణి గారు ధ్రువీకరించారు. దాని పక్కనే నా సంతకం జిరాక్సు.

ఆ సంతకం చూసి ఆఫీసులో అందరికీ చూపించానని రాశావు. అమ్మమ్మ ఆ ఇంట్లో వంట చేసేది కదా, ఆ పళ్ళెంలో పాపాయి గారికి ఎన్నిసార్లు వడ్డించి ఉంటుందో అని కూడా రాశావు. అక్కడితో ఆపి కాగితం మడిచేశాను.

ముందు సంతకం సంగతి చెబుతాను. ఏప్రిల్లో గణేష్‌బాబు గారూ, ఆయన భార్య సుప్రియ గారూ మనింటికి వచ్చారు. పాపాయి గారి అబ్బాయి అచ్చిబాబు గారి కొడుకు, రొయ్యల చెరువులూ మేత ఫ్యాక్టరీ ఉన్న మనిషి, మన పేట సందులోకి కారు పట్టక నడిచి వచ్చాడు. మన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. "టీచర్ గారూ, పెద్దవాళ్ళు మీరొక్కరే మిగిలారండీ. మా మామ్మ గురించి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసండీ?" అన్నాడు. నేను టీ పెట్టాను. ఇద్దరూ తాగారు. ఆయనైతే కప్పు అడుగు దాకా తాగి, దాన్ని తిరగేసి, ఏ కంపెనీ ముద్ర ఉందా అని చూశాడు. అలవాటు కాబోలు. మన కప్పు మీద ఏ ముద్రా ఉండదు కదా, నవ్వి కింద పెట్టాడు.

నేను ఆ కప్పు వంకే చూస్తున్నాను. ఆ ఇంటి మనిషి నా కప్పులో నా చేతి టీ తాగాడు. ఆ తర్వాత ఆయన తీసిన కాగితంలో ఏముందో చదివాను. అక్షరం అక్షరం చదివాను. పిల్లల పరీక్ష పేపర్లలో ఒక్క ఒత్తు తప్పినా ఎర్రసిరాతో గీసినదాన్ని. ఆ కాగితమంతా తప్పేనని తెలిసి కూడా, కింద నా పేరు గుండ్రంగా రాసిచ్చాను. కప్పు టీకి అమ్ముడుపోయాను. ఇంతకంటే గౌరవంగా చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు.

ఇప్పుడు అసలు మాట. మీ అమ్మమ్మ సంపూర్ణమ్మ ఆ ఇంట్లో ఏనాడూ వంట చేయలేదు. ఆ వంటింటి లోపల ఏముంటుందో ఆవిడకి తెలియదు. ఆవిడ పశువుల పాకలో పేడ ఎత్తేది, కుడితి కలిపేది, దొడ్డి ఊడ్చేది. నువ్వు మూడో తరగతిలో 'మా అమ్మమ్మ' అని పది వాక్యాలు రాయాలంటే, వంట చేసేదని చెప్పి రాయించింది నేను. స్కూల్లో నీ పక్కన కూర్చునే పిల్లలు ఎవరి పిల్లలో నాకు తెలుసు. ఆ పది వాక్యాలకీ నీకు పదికి పది వచ్చాయి.

ఆ పళ్ళెంలో పాపాయి గారు భోజనం చేయలేదు. చచ్చినా చేయరు. ఆ ఇంట్లో లోపలివాళ్ళకి కంచు, ఇత్తడి, పండగలకి వెండి. పింగాణీ అంటే ఆవిడకి మైల. ఆవిడ మావగారు ఏదో దొరల బంగళా వేలంలో సరదాపడి కొనుక్కొస్తే, ఆవిడ దాన్ని గడప దాటనివ్వలేదట. బయట తిరిగి తిరిగి అది అమ్మకి వచ్చింది. చూరులో దాచింది దొంగల భయంతో కాదు. ఇంట్లోకి తీసుకెళ్ళడానికి వీల్లేని పళ్ళెం ఉండాల్సిన చోటు చూరే. ఆ సంగతి ఒకప్పుడు ఊరందరికీ తెలుసు. ఎవరింటి చూరులో ఏ పళ్ళెం కనిపించినా అది ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. గణేష్‌బాబు గారికి తెలియదు. చూరులో దొరికింది కాబట్టి విలువైనది అనుకున్నాడు. చైనా గురించి, హాలండు గురించి అంత చదివిన మనిషికి వాళ్ళ పాక చూరు గురించి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం పని అయ్యాక అమ్మ పళ్ళెం దింపి కడుక్కుని దొడ్డి గుమ్మం ముందు కింద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది. పాపాయి గారు గుమ్మంలో నిలబడి గరిటె పైకెత్తి అన్నం వేసేవారు. గరిటె పళ్ళేనికి తగలకూడదు. మజ్జిగ పోస్తే చిందేది. ఒకసారి చింది ఆవిడ చీర అంచున పడితే, "ఒసే సంపూర్ణం, ఆ పళ్ళెం ఇంకాస్త అవతల పెట్టి ఏడవచ్చు కదే!" అన్నారు. పోసింది ఆవిడే. నాకు ఏడేళ్ళు, అమ్మ వెనకే నిలబడి ఉన్నాను.

పాక వెనక కూర్చుని ఇద్దరం ఆ ఒక్క పళ్ళెంలోనే తినేవాళ్ళం. అన్నం కింద పడవ బొమ్మ ఉండేది. ఒక వంతెన, ఒక చెట్టు, ఒక పడవ, పడవలో టోపీ పెట్టుకున్న మనిషి. "తినవే, పడవ తేలేదాకా తినాలి" అని అమ్మ చివరి నాలుగు ముద్దలూ నాకే పెట్టేది. పడవ తేలేసరికి నేను చప్పట్లు కొట్టేదాన్ని. అమ్మకి ఎప్పుడూ సగం కడుపే నిండేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు. ఆ పడవ మన నరసాపురం రేవులోదేననీ, అందులో మనిషి అవతలి ఒడ్డుకి పోతున్నాడనీ అమ్మ చెప్పేది. చైనా అని ఆవిడకి ఎవరు చెబుతారు?

ఫోటో చూశాక మూడు రోజులు నిద్ర లేదు. శనివారం బస్సెక్కి భీమవరంలో వాళ్ళు ఇప్పుడుంటున్న ఇంటికి వెళ్ళాను. మీ నాన్న వద్దన్నారు. "అమ్మాయి ఉద్యోగం సంగతి ఆలోచించావా? అరవై ఏళ్ళ నాటి ముచ్చట ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు?" అన్నారు. ఆలోచించాను. నీ చేత మళ్ళీ అబద్ధం రాయించడం నా వల్ల కాలేదు.

గణేష్‌బాబు గారు మర్యాదగానే ఎదురొచ్చి మేడ మీద హాల్లోకి తీసుకెళ్ళారు. చుట్టూ అద్దాల బీరువాలు. ఇరాన్ జాడీలు, జపాన్ కప్పులు, హాలండు నుంచి తెచ్చిన నీలం పలకలు, ఇంగ్లండు దొరల వెండి టీ కూజాలు, బర్మా వెండి గిన్నెలు. నిజంగా అందమైనవే. వాటిని మనుషులు తిని తాగడానికి చేశారన్న సంగతి మాత్రం ఆ హాల్లో ఎక్కడా తెలియదు. బంగారు అంచున్న కప్పులో నాకు టీ ఇచ్చారు. ఆయన ముందు నిలబడి, నీకు పైన రాసిందంతా చెప్పాను.

ఆయన కూర్చుండిపోయారు. "మా మామ్మ అలా చేసేవారా అండీ?"

"చేసేవారు బాబూ."

"మీకు కూడానా అండీ?"

"నాకు వేరే పళ్ళెం లేదు బాబూ. మా అమ్మ దాంట్లోనే తిన్నాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అబద్ధం ఎందుకు, నాకు జాలేసింది. తల నిమిరేదాన్నేమో కూడా. ఇంతలో సుప్రియ గారు మెల్లగా, "ఏవండీ, ఇది ఇంకా పెద్ద స్టోరీ కదా?" అన్నారు. ఆయన తలెత్తారు. అప్పుడు ఆ కళ్ళలో వెలుగు చూడాలి నువ్వు. "అవునండీ టీచర్ గారూ! ఇలాంటి చైనా పళ్ళాలు లోకంలో బోలెడున్నాయండీ. ఇలాంటి కథ ఉన్నది ఇదొక్కటే. మీ అమ్మగారి ఫోటో ఏదైనా ఉందాండీ? పోనీ ఆవిడ కట్టుకున్న పాత చీర? పళ్ళెం పక్కనే అద్దాల్లో పెడదామండీ."

చీర అడిగాడు తల్లీ. ఇరాన్ జాడీ, జపాన్ కప్పు, మా అమ్మ చీర.

నేనేమన్నానో తెలుసా? "చూస్తాను బాబూ" అన్నాను. అక్కడ కూడా కాదనలేకపోయాను. ఇంకొకటి కూడా చేశాను, అది మీ నాన్నకి కూడా చెప్పలేదు. టీ తాగాక ఆ కప్పు పట్టుకుని, "ఎక్కడ కడగాలండీ?" అని అడిగాను. వాళ్ళెవరూ కడగమనలేదు. వాళ్ళకి నా ప్రశ్న అర్థం కూడా కాలేదు. అరవై మూడేళ్ళు వచ్చాయి, ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను, ఆ ఇంటివాళ్ళ ముందు నా నోట వచ్చిన మాట అది. వాళ్ళ మామ్మ పోయి ముప్ఫై ఏళ్ళయినా నా చేతులకి ఆ కబురు అందలేదు.

ఇక నీ పని సంగతి. నువ్వు పంపిన లేబుల్ కాగితం మీద జిరాక్సులో ఉన్న నా పాత సంతకం ఎర్రసిరాతో కొట్టేసి, వెనక ఈ సంగతంతా రాసి కొత్తగా సంతకం పెట్టి దీంతో పంపుతున్నాను. ఇప్పుడు వాళ్ళు నిజం రాయొద్దనరు. రాయమని వెంటపడతారు. నీ ఉద్యోగానికి ముప్పు లేదు, ఆ దిగులు పెట్టుకోకు. నా దిగులు వేరే. నిజం కూడా వాళ్ళ బీరువాలోకే వెళుతోంది. అందుకే రాసేది నువ్వే అయి ఉండాలి. అమ్మ పేరు సంపూర్ణమ్మ అని పూర్తిగా రాయి. పనిమనిషి అని ఊరుకోకు, పేడ ఎత్తేదని రాయి. పాపాయి గారి పేరు కూడా ఉండనీ. 'ఆ రోజుల్లో అలా ఉండేది' అనే వాక్యం మీ సార్ కలపమంటే కలపొద్దు. ఫోటో ఇవ్వను. చీర లేదు, బాగున్నది ఒక్కటే ఉంటే దాంతోనే సమాధిలో పెట్టాం.

నువ్వు అడిగిన చివరి ప్రశ్నకి ఇంకా జవాబు రాయలేదు. పళ్ళెం అడుగున అడ్డగీత, నిలువుగీత ఉన్నాయనీ, మీ సార్ దాన్ని చైనాలో ఎవరో పనివాడి గుర్తు అంటున్నారనీ, దానికి ఏ పుస్తకంలోనూ పోలిక దొరకలేదనీ రాశావు. దొరకదు. అమ్మ బాప్తిస్మం తీసుకున్న ఏడాది, అన్నం ముందు కళ్ళు మూసుకుంటే పాపాయి గారు నవ్వేవారు. పాలేళ్ళని పిలిచి మరీ చూపించేవారు. అందుకని అమ్మ విరిగిన ఆకురాయి ముక్కతో పాక వెనక కూర్చుని వారం రోజులు ఆ సిలువ గీసింది. ఆ పైన ఇక కళ్ళు మూసుకోలేదు. ఆ ఇంటివాళ్ళు ఏం వేసినా దాని మీదే పడుతుందనేది.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. ఆ అద్దాల్లో పళ్ళేన్ని బోర్లించి పెట్టించు. పడవ కనపడటం లేదని జనం అడిగితే అడగనీ. అమ్మ దాన్ని కడిగి ఎప్పుడూ బోర్లించే పెట్టేది.

ఇట్లు,
సంపూర్ణమ్మ కూతురు,
మీ అమ్మ,
కృపారాణి