అజ్‌టెక్ బంగారం, మన బావి గట్టు

గుంటూరు,
జూలై 8, మంగళవారం.

చిరంజీవి తమ్ముడు రామ్మూర్తికి అక్కయ్య ఆశీస్సులు.

అక్కడ నువ్వు, మరదలు శారద, పిన్ని కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కులాసా. ఆదివారం ఫోనులో నీకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. కోపం వస్తే నాకు మాట తడబడుతుంది. అందుకే రాస్తున్నాను.

పొదిలి వదిలి అమ్మాయి దగ్గరికి వచ్చాక నాకు ఏ లోటూ లేదు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే తుమ్ములు, అంతే. పక్కింటివాళ్ళు తలుపు తీయరు. సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చేదాకా మాట్లాడే మనిషి ఉండదు. కిందటి నెల కుడికంటికి శుక్లం తీశారు. నీకు కబురు పంపాను. ఆదివారం నీ ఫోను వస్తే, కన్ను ఎలా ఉందని అడుగుతావనుకున్నాను.

నువ్వు అడిగింది వేరు. "అక్కయ్యా, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావటగా. మన ఊరికి ఒక స్వామి వచ్చాడు, తమలపాకు మీద అంజనం వేస్తాడు, అందులోకి చూసి పొలంలో నిధి ఎక్కడుందో చెప్పాలి. అలా పుట్టినవాళ్ళకే కనిపిస్తుందట. కారు పంపిస్తాను, వచ్చేయ్."

పక్కనున్న మనవరాలు, "అమ్మమ్మా, నీకు పేపరే సరిగా కనపడదుగా, భూమిలోది ఎట్లా కనపడుద్ది?" అంది. దానికి పదకొండేళ్ళు. నీకు అరవై రెండు.

నాకు నమ్మకం కుదరాలని, మెక్సికోని ఏలిన అజ్‌టెక్‌ల నిధి వీడియో కూడా పంపావు. ఒరేయ్, ఆ పాఠం నేను కాలేజీలో ఏళ్ళ తరబడి చెప్పాను. స్పెయిన్ సైనికులు ఆ బంగారం ఒంటికి కట్టుకుని పారిపోతూ, బరువుకి కాలవల్లో మునిగి చచ్చారు. మిగిలినవాళ్ళు తిరిగొచ్చి, మిగతాది ఎక్కడని అజ్‌టెక్ రాజు పాదాలు కాల్చారు. సరస్సులో వేశామన్నాడట. వెతికితే దొరికింది కాస్తే. ఆ తర్వాత ఎక్కడో అమెరికా కొండ గుహల్లో దాచారని పుకారు పుట్టి, జనం పనులు మానుకుని తవ్వారు. వీడియోలో నీకు గుహ కనిపించింది, ఉత్త చేతులతో కొండ దిగినవాళ్ళు కనిపించలేదు. ఆ సైనికులయినా బంగారం కళ్ళారా చూసి పోగొట్టుకున్నారు. నువ్వు చూడనిదాని కోసం ఉన్నది పోగొట్టుకుంటున్నావు.

పత్తి గింజ ఇంకా వేయలేదని శారద చెప్పింది. బావి గట్టుని ఆనుకుని రెండు నిలువుల గొయ్యి తవ్వించావట. "వాన పడితే గట్టు కూలుద్ది, లోపల కూలీలున్నారు అని నేనంటే, నిధి దొరికాక కొత్త బావి తవ్విద్దామంటున్నారు వదినా," అని ఏడ్చింది.

ఇక్కడికి వచ్చాక నువ్వు నన్ను రమ్మన్నది ఇదే మొదటిసారి. అదీ నన్ను చూడటానికి కాదు, నా చేత నిధి చూపించుకోవడానికి.

పిన్నికి నా నమస్కారాలు చెప్పు. శారదని కసరకు. బావి నా పేరున ఉన్న పొలం చెక్కలో ఉంది, కనుక కింద రాసినవి సలహాలు కావు.

1. ఈ ఉత్తరం చదివిన వెంటనే కూలీలని గోతిలోంచి పైకి రమ్మను.
2. తవ్విన మట్టి గోతిలోనే పోయించు. గట్టు వైపు ముందు పోసి, తడిపి, గట్టిగా దిమ్మిస కొట్టించాలి.
3. గొయ్యి పూడ్చాకే స్వామికి చెప్పు. ముందే చెబితే మళ్ళీ ఆశ పెడతాడు.
4. నేల పదును చూసి పత్తి వేయి.
5. ఇవన్నీ అయ్యాయని శారద నాకు చెప్పాలి. నువ్వు చెబితే నమ్మను. అంతవరకు నీ ఫోను ఎత్తను.

మీ అక్కయ్య,
సుభద్ర