డచెస్ ముఖం చూడనని ఒట్టు

1814, మే 2, సోమవారం. ఉదయం 7.
ఈ రోజు నుంచి నేను సుకుమారిని.
పద్నాలుగున మా ఆయన మేనత్త లేడీ హార్బిన్ ఇంట్లో విందు. కొత్త పెళ్లికూతురిని కాబట్టి నేను ముందు నడవనిదే ఎవరూ భోజనాల గదిలోకి వెళ్ళకూడదు. అప్పటిదాకా నియమాలు:
పిచ్చుకలా తినాలి.
వారానికి రెండు తలనొప్పులు రావాలి.
పందుల ఊసెత్తకూడదు, వాటిని ముట్టుకోకూడదు.
బాత్ పట్నంలో పెరిగిన పిల్లనని మా మేనమామ ఆయనకి చెప్పి పెళ్లి చేశాడు. పెరిగింది నాన్న పందుల మధ్య, చదివింది మూడేళ్ళు. సిగ్గుతో నోరు విప్పకపోతే అది నాజూకు అనుకున్నారు ఆయన, పాపం. ఊరి గాలి తగిలితే లావెండర్ అత్తరు పూసిన రుమాలు ముక్కుకి పెట్టుకునే మనిషి. నిజం తెలిస్తే ఇప్పుడు చూసినట్టు నన్ను చూస్తారా? నా భయమంతా అదే.

రాత్రి 8.
నాలుగు బఠాణీలు తిన్నాను. "ఇంతేనా?" అన్నారు. "ఇదే ఎక్కువండీ" అన్నాను. ఆకలికి నిద్ర పట్టేలా లేదు. నాజూకుతనం అంటే ఇదే కాబోలు.

మే 4.
ఆరోగ్యం కోసం సాయంత్రం నడక. కాళ్ళు వాటంతటవే గబ్బిన్స్ అవ్వ పందుల దొడ్డికి వెళ్ళాయి. అవ్వ పెంచే ఆడపంది పేరు డచెస్, అంటే గొప్ప దొరసాని. తెల్లటి ఒళ్ళు, నల్ల మచ్చలు, కళ్ళ మీదికి చెవులు. చూశానంతే. చెవి వెనక గోకడం ముట్టుకోవడం కిందికి రాదు. రేపటి నుంచి డచెస్ ముఖం చూడనని ఒట్టు.

మే 6.
నేను తినని రొట్టె పారేస్తే పాపం కదా. డచెస్‌కి పెట్టాను.
"ఇది గాలి తిని బలుస్తోందమ్మా," అంది అవ్వ. "ఈనడానికి ఇంకా రెండు వారాలుంది. అప్పటికి తలుపు పట్టదేమో." ఎందుకో నవ్వుకుంది.

మే 9.
ఆయన పొద్దున్నే వాగు ఒడ్డున కవిత్వం చదివి వచ్చారు. బూట్లకి మోకాళ్ళదాకా బురద. ఆ వాగు ఎండి నెలైంది. సుకుమారులు ప్రశ్నలు అడగరు.
"ఈ పల్లె కంపు మీరెలా భరిస్తున్నారో. లండన్ వెళ్ళిపోదాం," అన్నారు.
"అమ్మయ్య," అన్నాను. తలనొప్పి నిజంగానే వచ్చింది.

మే 12.
ఒట్టు వేసుకున్నాక డచెస్ దగ్గరికి ఏడుసార్లు. పేదలను పరామర్శించడం గొప్పింటి ఆడవాళ్ళ ధర్మం. డచెస్‌కి ఆస్తి ఏమీ లేదు.

మే 14, శనివారం. మధ్యాహ్నం 3.
తెల్ల పట్టు గౌను. మోచేతులు దాటిన తొడుగులు. ఈ ఒక్క పూట గట్టెక్కితే చాలు.

మే 15, ఆదివారం. ఉదయం 6.
గట్టెక్కలేదు.
లేడీ హార్బిన్ అత్తగారి తోట గోడ అవతలే అవ్వ దొడ్డి. అందరూ భోజనానికి లేవబోతుంటే మూలుగు వినిపించింది. ఆ మూలుగు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆయన అప్పటికే "ఉత్తరం మరిచాను" అంటూ వెళ్ళిపోయారు. నేను తలనొప్పి తెచ్చుకుని తోటలోకి, అక్కడి నుంచి దొడ్డిలోకి.
మా ఆయన చొక్కా చేతులు మడిచి గడ్డిలో మోకాళ్ళ మీద ఉన్నారు.
"మిసెస్ థాక్‌వెల్, మీరిక్కడ..." అన్నారు, ఎప్పటిలాగే ఇంటిపేరుతో.
"తర్వాత చెప్తాను. జరగండి. పిల్ల అడ్డం తిరిగింది. మీ చెయ్యి లావు."
ఒక చేతి తొడుగు తీసేశాను. పదకొండు పిల్లలు, అన్నీ క్షేమం.
"ఇది బాత్‌లో నేర్పారా?"
"బాత్ నేను చూడనే లేదు."
ఆయన లావెండర్ రుమాలు తీసి నా చెయ్యి తుడిచారు.
"నాకు లావెండర్ పడదు," అన్నారు. "పందులంటే ప్రాణమని తెలిస్తే నువ్వు పారిపోతావని పూసుకున్నాను. పొద్దున పూట దీన్ని మేపేది నేనే."
"సాయంత్రం నేను."
"పోటీపడి మేపారు," అంది తలుపు దగ్గర నిలబడ్డ అవ్వ. "ఒళ్ళో కడుపో తెలియక ఈనే రోజు లెక్క తప్పాను."
మేం తిరిగి వెళ్ళేసరికి పన్నెండు మంది తలుపు దగ్గర జంటలుగా నిలబడి ఉన్నారు. గంటసేపు. పెళ్లికూతురు లేదని ఒక్కరూ కదల్లేదు. పాపం, మర్యాదస్థులు.
"తలనొప్పి తగ్గిందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు, ఒక చేతికే మిగిలిన నా తొడుగు చూస్తూ.
"తగ్గిందండీ, పదకొండు," అనేశాను.
మాంసం మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆయన నాలుగు.
ఇరవై ఎనిమిదిన మళ్ళీ విందట. "ఈసారి లావెండర్ వాసనతో రండి," అన్నారు అత్తగారు.
కాబట్టి రేపు సోమవారం నుంచి నేను సుకుమారిని. నియమాలు అవే.
భుజం మీంచి చదువుతూ ఆయనంటున్నారు: "మంగళవారం నుంచి పెట్టుకుందాం తబితా. రేపు డచెస్ పిల్లల్లో ఆ బక్కదానికి పాలు పట్టాలి."
సరే, మంగళవారం.