మూడు చెట్లు

అక్టోబర్ 6
కొత్త కరికులమ్ ట్రైనింగ్ ఆఖరి రోజు. ఇకమీదట పిల్లలకు పాఠం వచ్చా అని కాదు, పని వచ్చా అని చూడాలట. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద రాసి కాపీ చేయించినదాన్ని. నాకేం వచ్చు? టీ బ్రేక్‌లో అందరూ స్కిల్ రిజిస్టర్ ముందే నింపేస్తుంటే నేనూ నింపేశాను. ‘అంచనా వేసి, లెక్కపెట్టి సరిచూడగలరు’ అన్న కాలమ్‌లో మా బడి పిల్లలు పందొమ్మిది మందికీ టిక్కులే. పెన్నుతో. నాలుగో తరగతి గంగాదేవికి కూడా. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పి ఎన్నాళ్లయిందో.

అక్టోబర్ 8
ఎంఈఓ రవికుమార్ సార్ ఇరవై నాలుగున మా బడికి వస్తారట. టిక్ ఉన్న పిల్లను లేపి, చేసి చూపించమంటారట. ఒకాయనకు మెమో ఇచ్చారని వాట్సాప్‌లో వచ్చింది. రిజిస్టర్ తెరిచి చూసుకున్నాను, పెన్ను టిక్కులు చెరిగేవి కావు.

అక్టోబర్ 9
బకెట్‌లో ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయో అంచనా వేయమన్నాను. అందరూ నా మొహం చూశారు. నాకూ తెలియదు.

అక్టోబర్ 13
బడి గోడ అవతలి శెనక్కాయ చేను గంగాదేవి నాన్న దాసప్పది. ఈసారి కాయ ఎంత రావచ్చని మాటవరసకు అడిగాను. మూడు చెట్లు పీకి చూడల్ల టీచరమ్మా, లావుదొకటి, నడిపిదొకటి, పీలదొకటి, అన్నాడు. మా పాపనడుగు, నాకన్నా బాగా చెప్తాది, అన్నాడు.
గంగాదేవా! సిగ్గేసింది. వెంటనే ప్రాణం లేచొచ్చింది. రేపటి నుంచి క్లాసు చేనులోనే. రోజూ మూడు చెట్లు మాకే అన్నాడు దాసప్ప.

అక్టోబర్ 17
కాయలు తప్పు లెక్కపెట్టావని గంగాదేవి అయిదో తరగతి ప్రణీత్ మీద అరుస్తోంది. నేను ఆపలేదు.

అక్టోబర్ 24, సాయంత్రం నాలుగు
చేతులకింకా చేను మట్టే. కడుక్కోబుద్ధి కావడం లేదు.
సార్ రిజిస్టర్ తెరిచి గంగాదేవినే లేపారు. అది ఆయన్ను నేరుగా చేనులోకి తీసుకుపోయింది. ఒక సాలు చూపించి ఆ వరసలో నలభై చెట్లంది. మూడు ఏరి పీకబోయింది. లావుదొక్కటి చాల్లే పాపా, టైమ్ లేదు అన్నారు సార్. లావుదొకటే పీకితే అది అబద్ధం లెక్క సార్ అంది.
ఇరవై నాలుగు, పదమూడు, అయిదు కాయలు. సగటున పద్నాలుగు. సాలుకు అయిదువందల అరవై అంది. దాసప్ప ఇవాళే పంట పీకడం మొదలుపెట్టాడు, ఆ సాలంతా పీకి పడేశాడు. సార్ కూడా మట్టిలో కూర్చుని లెక్కపెట్టారు. అయిదువందల నలభై తొమ్మిది! పిల్లల కేకలు రోడ్డు దాకా వినిపించి ఉంటాయి.
ఆ అబద్ధం మాట నన్ను వదల్లేదు. ఈ టిక్కులన్నీ టీ బ్రేక్‌లో పెట్టినవి సార్ అని చెప్పేశాను. ఆయన రిజిస్టర్ మూసేశారు. ప్రతి బడిలోనూ అవే టిక్కులు చూస్తాండానమ్మా, చెప్పింది మీరొక్కరే, అన్నారు. మెమో ఇస్తారా అన్నాను. సోమవారం వచ్చి ఈ పాఠం మండలం టీచర్లందరికీ చెప్పల్ల, అదే మీకు మెమో, అన్నారు.
ఎవరు చదువుతారు గనుక, రాసుకుంటాను. గెలిచాను.

అక్టోబర్ 27, సోమవారం, మండలానికి వెళ్లే బస్సులో
కొత్త రిజిస్టర్. టిక్ ఒక్కటే ఉంది, గంగాదేవిది. సంచిలో మూడు చెట్లు. పీలది పైన పెట్టాను.