మాస్కో ట్రాములో ఎల్లస్వామి నాణెం

మాస్కో,
1964 ఆగస్టు.

అమ్మ పాదాలకు పరమేశ్వర్ దండాలు.

నేను ఆరోగ్యంగా ఉన్నాను. ఇక్కడ చలి ఇంకా మొదలు కాలేదు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని, నారాయణపేటలో మన మగ్గం ఆగకుండా ఆడుతోందని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం నీ కోడలు రాజమణిని నిదానంగా చదవమను. నీవు మధ్యలో లేవకు.

"అంత పెద్ద పట్నంల ఎట్ల తిరుగుతున్నవు బిడ్డా?" అని రాయించావు. మన చీరలు పెట్టిన చేతిపనుల ప్రదర్శనకు రోజూ ట్రాములో పోతాను. రోడ్డు మీదే పట్టాలు వేసి నడిపే బండి అది. కండక్టరు ఉండడు. ఒక డబ్బా ఉంటుంది, నాణెం అందులో వేసి టికెట్టు మనమే చింపుకోవాలి. జనం ఎక్కువుంటే డబ్బా దాకా పోలేం కనుక నాణెం ముందున్నవారి చేతికిస్తాం. వాళ్ళు ఆ ముందువాళ్ళకిస్తారు. టికెట్టు కూడా అట్లాగే చేతులు మారి వెనక్కి వస్తుంది. మొదటి రోజు ఒక ముసలమ్మ నా అరచేతిలో నాణెం పెడితే, ధర్మం చేస్తోందనుకొని సిగ్గుపడి తిరిగి ఇచ్చేశాను. ఆమె నవ్వి డబ్బా వైపు చూపింది.

నకిరేకల్ నుంచి ఎల్లస్వామి అనే అతను కూడా వచ్చాడు. ప్రదర్శనలో చెప్పులు కుట్టి చూపిస్తాడు. ఇక్కడ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఒకే గది ఇచ్చారు. అయినా మొదట్లో అతను తలుపు పక్కనే పడుకునేవాడు. ఇటు జరగమని నేనూ అనలేదు.

ఒక పొద్దున ట్రాము కిక్కిరిసిపోయింది. నాకు సీటు దొరికింది, ఎల్లస్వామి వెనక నిలబడ్డాడు. తన నాణెం నా చేతికివ్వకుండా సీటు అంచు మీద పెట్టాడు. బండి ఊగేసరికి అది కింద పడి దొర్లింది. అతను వంగి అందరి కాళ్ళ మధ్య వెతుకుతుంటే, ఒక రష్యా ఆమె దాన్ని తీసి, అతని చేయి పట్టుకొని అందులో పెట్టింది.

"నా చేతికిస్తే ఏమాయె?" అన్నాను.

"నీ చేతిల ఎట్ల పెడతనయ్యా? మా నాయిన గిట్లనే నేర్పిండు."

చెప్పులు కుట్టించుకొని పైసలు నేల మీద వేసేది మనమే కదా అమ్మా. చేయి చాచాను.

"ఇగ పెట్టు."

అతను నాణెం నా అరచేతిలో పెట్టాడు.

ఎవరి చేతి వంట తింటున్నవని అడిగావు. నేనే వండుకుంటున్నానని పోయిన ఉత్తరంలో రాశాను. అది నిజం కాదు. ఆ రోజు నుంచి వండేది ఎల్లస్వామి. నీవు కట్టిచ్చిన కారం వేసి ఆలుగడ్డ కూర బాగా చేస్తాడు. ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటున్నాం.

వచ్చే నెల ఇద్దరం కలిసే వస్తాం. చీర మగ్గం మీద ఉండగా చూడాలని అతనికి కోరిక. మగ్గం మన లోపలి గదిలో ఉంది. అతన్ని వాకిట్లో నిలబెట్టి మాట్లాడి పంపలేను, లోపలికే తీసుకొస్తాను. మగ్గం చూశాక అన్నం తినిపించాలి. నీవు వద్దంటే ఆ పూట నేను కూడా మనింట్లో తినను.

కోపం వస్తే నా మీద పడు. రాజమణిని ఏమీ అనకు, ఆమె చదివింది అంతే.

ఇట్లు,
నీ పెద్ద కొడుకు
పరమేశ్వర్