గుర్రుమనని కుక్క

నా నోరీన్ అక్కకి,

ఫోన్ చేస్తే మా ఆయన పక్కనే నిలబడి వింటాడు, అందుకని రాస్తున్నాను. పిల్లలు కుక్క కావాలని ఏడాదిగా పోరుతుంటే గ్లెన్ మహాశయుడు ఎట్టకేలకు కరుణించాడు. కుక్కల షెల్టర్‌లో ఆవిడ ముందే చెప్పింది, "చిన్నపిల్లలున్న ఇల్లు కదా, వాళ్ళనీ తీసుకురండి. ఏది వాళ్ళతో కుదురుగా ఉంటుందో చూద్దాం" అని. ఈయనేమన్నాడో తెలుసా? "కుక్కని ఎంచుకునేది యజమానండీ, పిల్లలు కాదు." వయసు మళ్ళిన ఆడకుక్క ఒకటి వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంటే దాని వంక చూడనైనా లేదు. ఛాతీ విరుచుకుని నిలబడ్డ హ్యాంక్‌ని తెచ్చాడు. అద్దంలో తనని తాను చూసుకున్నట్టు అనిపించి ఉంటుంది.

ఇక ఆ శిక్షణ నువ్వు చూసి తీరాలి. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి మందకి నాయకుడైపోయాడు. నాయకుడు ముందు తినాలట. అందుకని హ్యాంక్ గిన్నె ముందు నిలబడి, అది చూస్తుండగా ఒక బిస్కెట్ నమిలి మింగి, అప్పుడు దానికి పెడతాడు. గుమ్మం కూడా నాయకుడే ముందు దాటాలి. మొన్న మంచు మీద జారి మెట్ల కింద పడ్డాడు. లేచి, దులుపుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి, కుక్క కంటే ముందు బయటికి వచ్చాడు. బీమా కంపెనీలో మేనేజరు, అక్కా!

హ్యాంక్ గుర్రుమంటే చాలు, కాఫీ డబ్బాలో చిల్లర వేసి దాని చెవి దగ్గర గలగలలాడిస్తాడు. అది వెళ్ళి మూల నక్కుతుంది. కొన్నాళ్ళకి గుర్రుమనడమే మానేసింది. "చూశావా మార్నీ, దానికి గొంతే లేదు!" అని మురిసిపోతున్నాడు.

నిన్న మా ఓవెన్ దాని ఎముక తీయబోయాడు. గుర్రు లేదు, ఏమీ లేదు, నేరుగా చేతి మీద పళ్ళు పడ్డాయి. గీసుకుపోయిందంతే. శుక్రవారం హ్యాంక్‌ని వెనక్కి ఇచ్చేస్తున్నాను. పిల్లాణ్ణి కరిచిన కుక్కని ఇంకెవరూ తీసుకోరు, షెల్టర్‌లో సూది వేసి చంపేస్తారని నాకు తెలుసు. అయినా నా పిల్లల తర్వాతే కదా ఏదైనా.

నీ మార్నీ

*

అక్కా,

శుక్రవారం నేను వెళ్ళలేదు.

ముందు రోజు భోజనాల దగ్గర మా అమ్మాయి టెస్ బీన్స్ వద్దని ఏడుపు అందుకుంది. గ్లెన్ ఆ చిల్లర డబ్బా తీసి టెస్ చెవి దగ్గర ఆడించాడు, నవ్వుతూనే. పిల్ల ఠక్కున ఆగిపోయింది. నాలుగేళ్ళది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోట చప్పుడు లేదు. బీన్స్ ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంది.

"దీనికీ పనిచేస్తోంది చూడు" అన్నాడు నాయకుడు.

"నువ్వు ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళినప్పుడు కూడా చేస్తాడమ్మా" అన్నాడు ఓవెన్, తల ఎత్తకుండా. "అందుకే టెస్ ఇప్పుడు ఏడవదు."

నా పిల్ల బుద్ధిమంతురాలు అయిందని తోటి నర్సులందరికీ చెప్పుకుంటున్నాను అక్కా! హ్యాంక్ గుర్రుమని చెప్పాల్సింది చెబుతూనే ఉంది, దాని నోరు మూయించింది మేం. డబ్బా లాక్కుని గ్లెన్ చెవి దగ్గర ఆడించాను.

"పిచ్చి పట్టిందా నీకు?" అని అరిచాడు.

"గొంతు తగ్గించు" అని మళ్ళీ ఆడించాను. తగ్గించాడు. నాకు ఆనందం వేసింది, వెంటనే రోత కూడా పుట్టింది. తలుపు తీసి డబ్బాని మంచులోకి విసిరేశాను. "ఇంకోసారి నా పిల్లల చెవి దగ్గర ఏదైనా మోగిందంటే ఇంట్లోంచి పోయేది నువ్వు, కుక్క కాదు" అన్నాను.

మార్నీ

*

అక్కా,

హ్యాంక్ ఇక్కడే ఉంది. దాని గిన్నె, ఎముక ఇంట్లో అడ్డంగా బిగించిన చిన్న గేటు అవతల పెడుతున్నాం, పిల్లలు అటు వెళ్ళరు. షెల్టర్ ఆవిడ శనివారాలు వచ్చి నేర్పుతోంది. కుక్కకి కాదు, మాకు.

ఇవాళ పొద్దున గ్లెన్ అలవాటుగా గేటు తీసుకుని గిన్నె దగ్గరికి వెళ్ళాడు, చేతిలో బిస్కెట్‌తో. హ్యాంక్ గుర్రుమంది. చిన్నగానే, కానీ స్పష్టంగా. నాయకుడు ఆగి, బిస్కెట్ జేబులో వేసుకుని వెనక్కి వచ్చాడు. అప్పుడే టెస్ తన టోస్ట్‌ని ఓవెన్ ముట్టుకున్నాడని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. నేను స్టవ్ దగ్గర నిలబడి సంతోషంతో ఏడ్చేశాను.

"ఇప్పుడేమైందని?" అన్నాడు గ్లెన్.

ఆ మనిషికి చెప్పి ఏం లాభం? నీకు రాస్తున్నాను.

నీ చెల్లి
మార్నీ