ఎడమ చక్రం లాక్ సంగతి

చిన్నోడా, జీపు గేరుబాక్స్ పోలేదు. మెకానిక్‌ని పిలవకు, లివర్‌ని సుత్తితో కొట్టకు. నాలుగు చక్రాల లాగుడు నుంచి రెండు చక్రాలకి మార్చినా ముందువైపు గరగరమంటూ లాగుతోందంటే, బురదలో ముందు చక్రాలు కూడా లాగాలని వేస్తామే, ముందు ఎడమ చక్రం మధ్యనున్న ఆ లాక్ ఇంకా వేసే ఉంది. బండిని రోజూ గోడకి ఆనించి పెడతాం కదా, ఆ వైపు ఎవరూ చూడరు. ఇవాళ కిందికి దూరి చూశాను. నేను తిప్పితే కదల్లేదు.

బండిని గోడ నుంచి మూరెడు ఇవతలికి తియ్యి. స్టీరింగ్ తిప్పకుండా తిన్నగా పది అడుగులు వెనక్కి పోనియ్యి, బిగుసుకున్నది వదులవుతుంది. అప్పుడు దిగి, గుడ్డ చుట్టి లాక్‌ని చేత్తో తిప్పు. పటకారు పెట్టావో, చెవి మెలేస్తాను.

వెనకున్న రెండు డ్రమ్ముల్లోనూ పైపుతో నీళ్లు నింపాను. పదకొండు లోపల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకురా. యాజమాన్యం కుళాయి కట్టేసింది, సమ్మెలో ఉన్న నలభై మంది ఎండలో కూర్చుంటారు. "ఇక ఆ బండి ముట్టుకుంటే ఒట్టు" అని నిన్న నువ్వు గొణిగింది విన్నాను. కోపముంటే నా మీద చూపించు, వాళ్ల గొంతులు ఎండబెట్టకు.

నా బస్సుకి టైమైంది.

అక్క

ఇంకో మాట. మొన్న బురదలో దిగి ఆ లాక్ వేసింది నేనే. రెండువైపులా తీసేశానని నీకు చెప్పిందీ నేనే. అలాంటిది నిన్న గేటు దగ్గర, నువ్వే బండి పాడుచేశావని అందరి ముందూ తిట్టాను. నువ్వు రా. తప్పు నాదేనని ఆ అందరి ముందే, మైకులో చెప్తాను.